వంటలక్కకి అప్పగింతలు ఎందుకు జరగలేదు? మన సీరియళ్లు పాత పాత్రల్ని సాగనంపే తీరు

ఈ ఎపిసోడ్ టీవీ సీరియళ్ల గురించి. సీరియల్ అనగానే స్క్రోల్ చేసేయకండి, రెండు నిమిషాలు ఆగండి. మీరు చూడకపోవచ్చు, కానీ మీ ఇంట్లో ఎవరో ఒకరు చూస్తారు. వాళ్లు ఐదేళ్లు, పదేళ్లు రోజూ చూసిన మనిషిని ఒక రోజు స్క్రీన్ మీద నుంచి తీసేస్తే వాళ్లకి ఏమవుతుంది, అసలు ఎలా తీయాలి, మన తెలుగు టీవీ చరిత్రలో ఎలా తీశారు అనేదే ఈ రోజు మాట్లాడుకునే విషయం.

2022 మార్చి. స్టార్ మా చానెల్, రాత్రి ఏడున్నర. కార్తీక దీపం సీరియల్‌లో డాక్టర్ బాబు, వంటలక్క, అంటే కార్తీక్, దీప, కారు యాక్సిడెంట్‌లో చనిపోయారు. 2017 అక్టోబర్‌లో మొదలైన సీరియల్ అది. నాలుగున్నరేళ్లు తెలుగు రాష్ట్రాల్లో ఏడున్నర అంటే వంటలక్క టైమ్. 2020లో ఐపీఎల్ మ్యాచులు కూడా సరిగ్గా ఏడున్నరకే మొదలయ్యాయి కాబట్టి ఎన్ని ఇళ్లలో రిమోట్ కోసం గొడవలు జరిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి ఇద్దర్ని ఒక యాక్సిడెంట్‌తో పంపించేశారు. తర్వాత ఏం జరిగిందో చెప్తా. దానికి ముందు కాస్త వెనక్కి వెళ్దాం, ఎందుకంటే ఈ సమస్య కార్తీక దీపంతో పుట్టింది కాదు.

ఆఖరి పేజీ ఉన్న రోజులు

తెలుగులో 'సీరియల్' అనే మాట టీవీ కంటే ముందే ఉంది. వారపత్రికల్లో వచ్చే నవలని సీరియల్ అనేవాళ్లు. యద్దనపూడి, యండమూరి పేర్లు మీ అమ్మమ్మ దగ్గరో అమ్మ దగ్గరో అడిగితే చెప్తారు, వచ్చే వారం కోసం ఎలా ఎదురుచూసేవాళ్లో. అయితే ఆ సీరియల్‌కి ఒక హద్దు ఉండేది. చివరికి అది పుస్తకంగా రావాలి, పుస్తకానికి ఆఖరి పేజీ ఉంటుంది. రచయిత మొదటి నుంచీ ఆ పేజీ వైపే నడవాలి.

దూరదర్శన్ వచ్చాక కూడా ఇంచుమించు ఇదే పద్ధతి. అప్పట్లో సీరియళ్లకి 13 ఎపిసోడ్ల లెక్కన పర్మిషన్ ఇచ్చేవాళ్లు. దేశంలో మొదటి పెద్ద సోప్ ఒపేరా అనే పేరున్న హమ్ లోగ్ 1984 జులైలో మొదలై 1985 డిసెంబర్‌లో అయిపోయింది. ఏడాదిన్నర కూడా లేదు. ఇంతలో అయిపోయే కథలో పాత పాత్ర అనే సమస్యే రాదు, పాతబడే లోపే కథ ముగుస్తుంది కదా.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. తర్వాత మా, జీ తెలుగు. 2000 దాటాక డైలీ సీరియల్ మన ఇళ్లలో సెటిల్ అయిపోయింది. రాధిక నటించిన తమిళ 'చిత్తి' తెలుగులో 'పిన్ని'గా జెమినీలో వచ్చి ఆ అలవాటుని బాగా పెంచింది. ఆ తర్వాత మంజులా నాయుడు తీసిన చక్రవాకం. 2003లో మొదలై 2008 దాకా. అది అవగానే అదే టీమ్ నుంచి మొగలిరేకులు, 2008 నుంచి 2013 దాకా. ఆ టైటిల్ సాంగ్ వినగానే మనలో చాలామందికి ట్యూషన్ నుంచి పరిగెత్తుకొచ్చిన సాయంత్రాలు గుర్తొస్తాయి.

ఈ రెండు సీరియళ్ల విషయంలో నాకు నచ్చేది ఒకటుంది. ఐదేళ్లు నడిచాక ఆపారు. ఆపి, ఇంకో పేరుతో, ఇంకో కథతో మళ్లీ మొదలుపెట్టారు. పాత పాత్రల్ని లాగి లాగి కొత్త కథలోకి తోయలేదు. మొగలిరేకుల్లో ఆర్కే నాయుడుగా చేసిన సాగర్‌ని ఈ రోజుకీ జనం ఆ పేరుతోనే పిలుస్తారు. ముగిసిన పాత్ర పాడవకుండా గుర్తుండిపోతుంది అనడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇంకోవైపు ఈటీవీలో అభిషేకం. దాసరి నారాయణరావు గారి సంస్థ నుంచి వచ్చింది. 2008 డిసెంబర్‌లో మొదలైంది. దాసరి గారు 2017 మేలో చనిపోయారు. సీరియల్ మాత్రం 2022 ఫిబ్రవరి దాకా నడిచి 4,000 ఎపిసోడ్ల దగ్గర ఆగింది. 2008లో మొదటి ఎపిసోడ్ వచ్చినప్పుడు పుట్టిన పిల్ల, చివరి ఎపిసోడ్ నాటికి ఎనిమిదో తరగతికి వచ్చేసింది. తీయించిన మనిషి వెళ్లిపోయాక కూడా కథ నాలుగేళ్లకి పైగా నడిచింది. ఆఖరి పేజీ లేని కథ అంటే ఇది.

పాత పాత్రలు ఎందుకు బరువవుతాయి

ఇప్పుడు చానెల్ వైపు నుంచి చూద్దాం, వాళ్లనే తిట్టి వదిలేస్తే విషయం అర్థం కాదు.

ప్రతి గురువారం బార్క్ రేటింగులు వస్తాయి. నడుస్తున్న సీరియల్‌కి అలవాటు పడ్డ జనం ఉంటారు. ఆపి కొత్తది పెడితే ఆ జనం ఉంటారో, పక్క చానెల్‌కి పోతారో తెలీదు. అందుకే బాగా ఆడుతున్న సీరియల్‌ని ఆపడానికి ఎవరికీ చెయ్యి రాదు. కానీ కథ అయిపోయింది. మరి ఏం చేస్తారు? సీరియల్ పేరు ఉంచుతారు, స్లాట్ ఉంచుతారు, లోపల మనుషుల్ని మారుస్తారు. దానికే 'లీప్' అని పేరు. ఒక్క రాత్రిలో పదిహేనేళ్లు గడిచిపోతాయి, పిల్లలు హీరోయిన్లు అవుతారు. అప్పుడు పాత హీరో హీరోయిన్లు అడ్డం.

మన దగ్గర పాత పాత్రని తప్పించే దారులు ఇంచుమించు నాలుగే. ఒకటి, చంపేయడం. రెండు, అమెరికా పంపడం. ఆ పాత్ర ఫోన్ కూడా చేయదు, ఇంట్లో పెళ్లి జరిగినా రాదు. మూడు, 'ఇకపై ఈ పాత్రలో' అని ఇంకొకరిని దింపడం. నాలుగు, సోఫాలో కూర్చోబెట్టడం. ఈ నాలుగోది జాగ్రత్తగా గమనించండి. నిన్నటి దాకా ఇంటిని నడిపించిన ఆవిడ, ఇప్పుడు అందరి వెనకా నిలబడి ఆశ్చర్యపోయే మొహం పెట్టడానికి మాత్రమే ఉంటుంది. మ్యూజిక్ కొట్టినప్పుడు ఆవిడ మొహం మీదికి కూడా కెమెరా ఒకసారి వెళ్తుంది. అంతే ఆవిడ పని.

ఇందులో డబ్బు విషయం కూడా ఉంది. మన సీరియళ్లలో ఎక్కువమంది ఆర్టిస్టులకి నెల జీతం ఉండదు, షూటింగ్ జరిగిన రోజు లెక్కన ఇస్తారు. పాత్రని అమెరికా పంపారంటే ఆ మనిషికి ఆ నెల నుంచి పని లేదన్నమాట. మన ఐటీ భాషలో చెప్పాలంటే బెంచ్ కూడా లేని బెంచ్.

కార్తీక దీపంలో ఏం జరిగింది

ఇది మలయాళం కరుతముత్తు నుంచి వచ్చిన కథ. అక్కడ చేసిన ప్రేమి విశ్వనాథే ఇక్కడ దీప. నిరుపమ్ పరిటాల కార్తీక్. దీప రంగు తక్కువ అని అత్త సౌందర్య ఆమెని ఒప్పుకోదు. (నిజానికి తెల్లగా ఉన్న నటికి రంగు పులిమి ఈ పాత్ర చేయించారనే విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే.) కార్తీక్‌ని కోరుకున్న మోనిత, అతనికి పిల్లలు పుట్టరని నమ్మిస్తుంది. దాంతో దీప గర్భవతి అయినప్పుడు కార్తీక్ అనుమానిస్తాడు. దీప ఇల్లు వదిలి, వంటలు చేసి కూతురు శౌర్యని పెంచుకుంటుంది. రెండో కూతురు హిమ, తండ్రి అని తెలియకుండానే కార్తీక్ దగ్గర పెరుగుతుంది.

అంటే ఈ కథ అడిగిన ప్రశ్న ఒక్కటే: కార్తీక్ తన భార్యని నమ్ముతాడా? జనం ఏళ్ల తరబడి కూర్చున్నది ఈ ఒక్క జవాబు కోసం. 2021లో ఆ జవాబు వచ్చేసింది. కార్తీక్‌కి నిజం తెలిసింది. న్యాయంగా అక్కడ నుంచి దీపకి మిగిలిన పని ఒక్కటే, గెలిచిన మనిషిగా ఆ ఇంట్లో కొన్నాళ్లు బతకడం. చూసేవాళ్లు కూడా ఆ సుఖాన్ని కొన్నాళ్లు చూడాలి.

కానీ సుఖంగా ఉన్న దీపతో కథ నడపడం రాలేదు. మోనిత మళ్లీ మళ్లీ తిరిగొచ్చింది. చివరికి 2022 మార్చిలో ఆ యాక్సిడెంట్. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. అమ్మానాన్నల చావుకి హిమే కారణమని శౌర్య పగ పెట్టుకుంది. కొత్త నటులు, కొత్త ప్రేమకథ. జనం ఒప్పుకోలేదు. రేటింగ్ పడింది. అదే ఏడాది, చనిపోయిన దీప కోమా నుంచి లేచింది, కార్తీక్ గతం మర్చిపోయి బతికే ఉన్నాడు. మళ్లీ వాళ్ల కథే. పెద్దయిన హిమ, శౌర్యల కథ పక్కకి పోయింది. 2023 జనవరిలో సీరియల్ ఆపేశారు.

ఎవరికి ఏం మిగిలింది చూడండి. పాత జంట చావుకి ఏడ్చిన వాళ్లకి, ఆ ఏడుపు ఉత్తదే అని చెప్పినట్టయింది. కొత్త జంటని నెమ్మదిగా ఇష్టపడటం మొదలుపెట్టిన వాళ్లకి, వాళ్లు కూడా పోయారు. 2024 మార్చిలో కార్తీక దీపం 2 వచ్చింది. అదే నటులు, అవే పేర్లు, కథ మాత్రం వేరు. అంటే మొదటి దీపకి సరైన సెలవు ఎప్పటికీ దొరకలేదు.

ఇది మన ఒక్కళ్ల సమస్య కాదు

హిందీలో క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ, 2000లో మొదలైంది. మొదటి ఏడాదిలోపే మిహిర్‌ని చంపేశారు. దేశం మొత్తం గోల చేసింది. మిహిర్ తిరిగొచ్చాడు. మన సీరియళ్లకి చనిపోయిన వాళ్లు తిరిగొచ్చే ధైర్యం వచ్చింది అప్పటి నుంచే అని నేననుకుంటా. చావు అనేది సీరియల్‌లో ఆఖరి మాట కాకుండా పోయింది. ఆఖరి మాట కానప్పుడు దానికి విలువ కూడా పోయింది.

తమిళంలో ఇంకో రకం కష్టం. ఎదిర్‌నీచల్ సీరియల్‌లో గుణశేఖరన్‌గా పేరు తెచ్చుకున్న మారిముత్తు గారు 2023 సెప్టెంబర్‌లో, సీరియల్‌కి డబ్బింగ్ చెప్తుండగానే గుండెపోటు వచ్చి చనిపోయారు. పాత్ర కథకి ఆయువుపట్టు. వేరే నటుడు వేల రామమూర్తితో కొనసాగించారు. ఇక్కడ ఎవర్నీ తప్పు పట్టలేం. కానీ చూసేవాళ్లకి అర్థమైంది ఒకటే: పాత్ర, మనిషి ఒకటి కాదని తెలిసినా మనసు ఒప్పుకోదు.

ఇప్పుడు బాగా చేసిన వాళ్లని చూద్దాం. ఇంగ్లండ్‌లో కొరొనేషన్ స్ట్రీట్ 1960 డిసెంబర్‌లో మొదలైంది. మొదటి ఎపిసోడ్‌లో కుర్రాడిగా కనిపించిన కెన్ బార్లో పాత్రని విలియం రోచ్ తొంభై దాటాక కూడా చేస్తూనే వచ్చారు. ఆయన్ని చంపలేదు, అమెరికా పంపలేదు. వయసుకి తగ్గ కథలు ఇచ్చారు.

అమెరికాలో యాజ్ ద వరల్డ్ టర్న్స్. 1956 నుంచి 2010 దాకా, 54 ఏళ్లు. మొదటి ఎపిసోడ్‌లో మొదటి మాట, నాన్సీ అనే పాత్ర భర్తకి చెప్పిన గుడ్ మార్నింగ్. ఆ పాత్ర చేసిన హెలెన్ వాగ్నర్ 2010 మేలో, సీరియల్ ముగియడానికి కొన్ని నెలల ముందే చనిపోయారు. సెప్టెంబర్‌లో చివరి ఎపిసోడ్. నాన్సీ కొడుకు డాక్టర్ బాబ్, హాస్పిటల్ నుంచి రిటైర్ అవుతూ తన ఆఫీసులో గుడ్ నైట్ చెప్పి వెళ్లిపోతాడు. అంతే. బాంబు లేదు, లోయలో పడే కారు లేదు. ఆ పాత్రని 1960 నుంచి ఒకే నటుడు, డాన్ హేస్టింగ్స్ చేశారు. యాభై ఏళ్లు చూసిన మనిషి లైట్ తీసి ఇంటికి వెళ్లాడు. చూసేవాళ్లకి అంతకంటే ఏం కావాలి? ఒక డాక్టర్ బాబుకి అలా సెలవు చెప్పొచ్చని అక్కడ చూపించారు.

మనకి ఇది తెలియని విద్య కాదు

విదేశాల ఉదాహరణలు చెప్తే 'వాళ్లది వేరు' అంటారు. సరే, మహాభారతం తీసుకుందాం. అంతకంటే పొడుగు సీరియల్ లేదు.

భీష్ముడు యుద్ధంలో పదో రోజే పడిపోయాడు. కానీ వెంటనే పోలేదు. 58 రాత్రులు అంపశయ్య మీద ఉన్నాడు. ధర్మరాజు వచ్చి అడిగినవన్నీ చెప్పాడు. శాంతి పర్వం, ఆనుశాసనిక పర్వం, రెండు పెద్ద పర్వాలు ఆయన మాటలే. ముసలాయన దగ్గరున్నదంతా తర్వాతి తరానికి ఇచ్చేదాకా కథ ఆగింది.

ధృతరాష్ట్రుడు ఇంకా ఆశ్చర్యం. యుద్ధం అయిపోయింది, కొడుకులు పోయారు, కథలో ఆయన పని కూడా అయిపోయింది. ఇప్పటి సీరియల్ అయితే అక్కడే వదిలేస్తుంది. వ్యాసుడు వదల్లేదు. ఆయన పదిహేనేళ్లు ధర్మరాజు ఇంట్లో ఉన్నాడు. భీముడి సూటిపోటి మాటలు పడ్డాడు. ఒక రోజు ఇక చాలనుకుని అడిగి, అందరికీ చెప్పి, గాంధారితో కలిసి అడవికి బయల్దేరాడు. కుంతి కూడా వెళ్లింది, కొడుకులు బతిమాలినా ఆగలేదు. దీని కోసమే ఒక పర్వం ఉంది, ఆశ్రమవాస పర్వం. పదిహేనోది. తెలుగులో తిక్కన గారు విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాశారు, అందులో ఇదీ ఉంది. అంటే పెద్దవాళ్లని ఎలా పంపాలో ఏడు వందల ఏళ్ల కిందటే తెలుగులో రాసి పెట్టారు.

మన పెళ్లిళ్లలో ఇంకో మాట ఉంది, అప్పగింతలు. పెళ్లి అయిపోతుంది, భోజనాలు అయిపోతాయి, అయినా పిల్ల అలా బండెక్కి వెళ్లిపోదు. అమ్మానాన్న ఆ పిల్ల చేతుల్ని అత్తింటివాళ్ల చేతుల్లో పెడతారు. అందరూ ఏడుస్తారు. ఆ ఏడుపుకి ఒక టైమ్ ఇస్తారు. సీరియళ్లలో వెయ్యి ఎపిసోడ్ల పెళ్లి చూపిస్తారు, ఈ అప్పగింతలు మాత్రం ఎగరగొట్టేస్తారు.

అయితే ఏం చేయాలి

మన శేరిలింగంపల్లి జనానికి తెలిసిన ఉదాహరణ చెప్తా. పైథాన్ 3 వచ్చింది 2008లో. పైథాన్ 2ని పూర్తిగా ఆపింది 2020 జనవరి 1న. మధ్యలో పదకొండేళ్లు రెండూ పక్కపక్కనే నడిచాయి. ఫలానా రోజు ఆపేస్తాం, ఈలోపు మారిపోండి అని ముందే చెప్పారు. ఒక కంప్యూటర్ భాషకి ఇచ్చిన మర్యాద మనుషుల పాత్రలకి ఇవ్వలేమా?

నా లెక్క ఇది. మొదటిది, ఆ పాత్ర మొదట మోసుకొచ్చిన ప్రశ్నకి జవాబు చెప్పండి, చెప్పాక దాన్ని మళ్లీ విప్పకండి. దీపని కార్తీక్ నమ్మాడంటే నమ్మాడు. రెండోది, కొత్తవాళ్లు వచ్చాక పాతవాళ్లని కొన్ని నెలలు కలిపి నడపండి. కొత్త హీరోయిన్‌కి మొదటి కష్టం వచ్చినప్పుడు తలుపు తీసేది పాత హీరోయిన్ అయితే, చూసేవాళ్ల ప్రేమ తనంతట తానే చేతులు మారుతుంది. వంటలక్క తన వంట చేసే చేత్తో శౌర్యకి ఒక పొయ్యి అప్పగించి ఉంటే సగం పని అయిపోయేది. మూడోది, వెళ్లే రోజు ముందే చెప్పండి. అలా చెప్తే ఆ రోజు చూసేవాళ్లు పెరుగుతారే కానీ తగ్గరు. నాలుగోది, చంపక తప్పదంటే చంపండి, కానీ మళ్లీ లేపకండి.

'జనం పాతవాళ్లనే చూస్తామంటే చానెల్ ఏం చేస్తుంది' అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కార్తీక దీపంలో జంటని వెనక్కి తెచ్చింది జనం గోలే. కానీ జనం గోల చేసింది పాత్ర ముగిసినందుకు కాదు, ముగిసినట్టు అనిపించనందుకు. చక్రవాకం ముగిసినప్పుడు జనం మొగలిరేకులు చూశారు కదా.

ఇదంతా ఎందుకు ఇంత సీరియస్‌గా చెప్తున్నానంటే, ఈ సీరియళ్లు ఎవరు చూస్తున్నారో ఒకసారి ఆలోచించండి. మన నల్లగండ్ల, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో ఊళ్ల నుంచి వచ్చిన అమ్మలు, అత్తలు ఎంతమందో ఉన్నారు. మనవడిని చూసుకోవడానికి వచ్చి ఉండిపోయినవాళ్లు. పొద్దున తొమ్మిదికి అందరూ ఆఫీసులకి, స్కూళ్లకి పోతారు. తొమ్మిదో అంతస్తులో పక్క ఫ్లాట్‌ వాళ్ల పేరు తెలీదు. ఊళ్లో వాళ్ల అరుగు పోయింది, పక్కింటి పిన్ని పోయింది, గుడి పోయింది. ఊరి నుంచి ఈ ఫ్లాట్ దాకా మారకుండా వెంట వచ్చిన మొహాలు సీరియల్‌లో మొహాలే. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగి పాత ఎపిసోడ్లు వేసినా వాళ్లు అవే కూర్చుని చూశారు, కథ కోసం కాదు, మనుషుల కోసం.

అలాంటి ఒక మొహాన్ని యాక్సిడెంట్ పేరుతో తీసేసి, తర్వాత వారం ఏమీ జరగనట్టు కొత్త పాట వేస్తే, ఆ ఇంట్లో కూర్చున్న పెద్దావిడకి వెళ్లే సందేశం ఏంటి? పని అయిపోయిన పెద్దవాళ్లకి కథలో చోటు లేదనే కదా. సోఫాలో కూర్చోబెట్టిన అత్త పాత్రని చూస్తున్నది కూడా సోఫాలో కూర్చోబెట్టిన మనిషే.

ఒక చిన్న పని చెప్తా. ఈ ఆదివారం మీ ఇంట్లో సీరియల్ చూసేవాళ్లని అడగండి: ఏ పాత్ర వెళ్లిపోయినప్పుడు బాధ అనిపించింది, వాళ్లని ఎలా పంపించి ఉంటే బాగుండేది అని. ఫోన్ పక్కన పెట్టి వినండి. మన రైటర్స్ రూముల్లో ఎవరూ అడగని ప్రశ్న అది, జవాబు మాత్రం వాళ్ల దగ్గర రెడీగా ఉంటుంది. వాళ్లు చెప్పింది కామెంట్లలో రాయండి, బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. ఉంటా మరి.